పోయినవారిని తలచుకొనుట

పేరుగాంచిన గాయకుడో నటుడో పరమపదించెనన్న వార్త చెవిని సోకినంతనే, అంతకుముందు దినము వరకు ఆతనిని తలచియుండనివారు సైతము, చేతిలోని పని విడిచి ఒకింత తడవు నిలువబడిపోవుదురు. ముఖపరిచయమైన లేనివానికొరకు ఈ దుఃఖమేమి, ఇది పదిమందితోపాటు పొంగు వట్టి ఆవేశమే గదా యని ఆక్షేపించువారు కలరు. నేను వారితో ఏకీభవింపను. ఏటికొక్కమారైన కంటబడని బంధువులకు పెండ్లి, పేరంటము, పెద్దకర్మము మొదలగు మర్యాదలన్నియు లోపము రాకుండ నడపుచున్నాము. ఏబదియేండ్లు అనుదినము మన వాకిట, మన వంటయింట, మన పనిపాటల నడుమ పలికిన కంఠము ఒకనాడు ఆగిపోయినపుడు గుండె కలుక్కుమనుటలో కపటమేమున్నది? నా చింత వేరు. ఆ దుఃఖమును మనము ఏమి చేసికొనుచున్నాము, దానిని ఏ రూపమున నిలుపుకొనుచున్నాము అనునదే కొన్నియేండ్లుగా నన్ను వేధించుచున్న ప్రశ్న.

మా వేటపాలెము చేనేతకును జీడిపప్పునకును పేరుపడిన ఊరు. మగ్గపు గుంటలో కాళ్ళుంచి ప్రొద్దుగూకులు నాడె నడుపు నేతగానికి, ఫ్యాక్టరీలో బారులు తీరి కూర్చుండి జీడిపప్పు పొట్టు తీయు ఆడువారికి, కన్నులును చేతులును పనియందు చిక్కుకొని యుండునే గాని చెవులు తీరికగానే యుండును. ఆ చెవులను, విజయవాడ రేడియో కేంద్రము పాటలకై ఎదురుచూచిన కాలము మొదలుకొని సెల్‌ఫోనును గోడగూటిలో నిలబెట్టుకొని వినుచున్న ఈ కాలము వరకు, అర్ధశతాబ్దికి పైగా నింపినవాడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రమునకై స్వరకర్త కోదండపాణి ఆయనచేత తొలిపాట పాడించెను. మా వీధి చివర నేతపని చేయు పెద్దాయన యొకడు పాటలతోనే గుడ్డను కొలుచును. “రెండు పాటలకు బెత్తెడు గుడ్డ దిగుద్దండీ,” అని ఒకనాడు నాతో ననెను. “హుషారు పాటొస్తే చెయ్యి ముందుకు పోద్ది, పోగు తెగుద్ది. బాలుగారి నిదానం పాటలున్నాయే, వాటికి చెయ్యి చెప్పిన మాట వింటుంది.”

పాడువాని ఊపిరికిని నేయువాని చేతికిని గల ఈ పొత్తును ఏ సంగీతశాస్త్ర గ్రంథమునందును నేను చదివి యుండలేదు. చరణము చివర స్వరమును తటాలున తెంచివేయక, ఊపిరిని పొదుపుగా వదలుచు, తరువాతి వాద్యము అందుకొనువరకు దానిని చెదరనీక నిలుపు బాలు పద్ధతిని పండితులు శ్వాసనియమమని చెప్పుదురు. ఆ పెద్దాయన దానిని తన చేతితో గ్రహించినాడు. ఆయన అనిన ఆ రెండు మాటలు బాలసుబ్రహ్మణ్యమునకే చెల్లును, మఱొకరికి చెల్లవు. ఇట్టి మాటకును, 2020 సెప్టెంబరు 25, శుక్రవారమునాడు బాలు చెన్నపట్నమున కన్నుమూసినప్పుడు దేశమంతట వెల్లువగా వచ్చిన మాటలకును గల అంతరమును తలచినకొలది నాకు దిగులు కలుగుచున్నది.

ఆగస్టు 5వ తేదిని కరోనాతో ఆసుపత్రిలో చేరినది మొదలు ఏబది దినములు తెలుగువారు, తమిళులు, కన్నడిగులు ఏకముగా ఆయన ఆరోగ్యపత్రములకై ఎదురు చూచిరి. మహమ్మారి కాలమగుటచేత చూడబోవుటకు వీలులేక ఎక్కడివారక్కడనే యేడ్చిరి. మఱునాడు తామరైపాక్కమున ఖననము జరుగుట తెరలమీదనే చూచిరి. ఆ దుఃఖము నిక్కమైనది. అయినను ఆ దినమున వెలువడిన సంతాపవాక్యములను కూర్చి చూడుడు: గంధర్వుడనిరి, అమరుడనిరి, ఒక శకము ముగిసెననిరి. ఆ వాక్యములయందు పేరొక్కటి తీసి వేరొకటి పెట్టినచో మఱుసటియేడు పోయిన కవికి, ఆ పైయేడు పోయిన నటునికి, ఆవల పోయిన పత్రికాధిపతికి వీసమెత్తు తేడా లేక సరిపోవును. వాస్తవముగా అట్లే సరిపెట్టిరి కూడ. అందరికిని సరిపడు పొగడ్త ఎవ్వరిని జ్ఞప్తికి తేజాలదు.

పోయినవారిని తలచుకొనుట ఎట్లో బాలు తానే ఒరవడి పెట్టి చూపియుండుట గమనింపదగినది. 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’ వేదికమీద, పిల్లలు పాడి ముగించిన పిమ్మట ఆయన పలికెడి పలుకులను తెలుగు గృహములు మఱచియుండవు. చిత్రమేది, కవి యెవ్వరు, స్వరకర్త యెవ్వరు అని చెప్పి ఊరకొనక, ఆనాటి రికార్డింగున ఏ వాద్యము నెవ్వరు వాయించిరో, ఏ సంగతి ఎట్లు పుట్టినదో, తాను ఎచ్చట తడబడగా ఎవ్వరు దిద్దిరో విడమరచి చెప్పుచు, తెరమీద ఏనాడును పేరు పడని వేణుగాయకునకు, వైణికునకు లక్షలమంది యెదుట గౌరవము కూర్చెడివాడు. శకార షకారములను ఒక్కటిగా పలికిన బిడ్డను చేరబిలిచి, అక్షరమును నోట పలికించి పంపెడివాడు. ఘంటసాలను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు, విశేషణములను గుప్పించుటకు మాఱుగా, ఆయన ఏ పదమును ఎచ్చట విఱిచి ఏ అక్షరముమీద భారముంచెనో పాడి వినిపించెడివాడు. 1974లో పోయిన ఘంటసాల అటు పిమ్మట పుట్టిన పిల్లలకు పరిచితుడైనది పటములకు వేసిన దండలవలన గాదు, ఇట్టి పాఠములవలన.

బాలు పోయినది మొదలు మరణవార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చుచునే యున్నవి. 2021 నవంబరు 30న సిరివెన్నెల సీతారామశాస్త్రి పోయెను; ఇంకను ఆ వారము తిరుగకముందే, డిసెంబరు 4న, మా చీరాల నియోజకవర్గము 1989లోను 2004లోను శాసనసభకు పంపిన కొణిజేటి రోశయ్య పోయెను. ఒకరు కవి, ఒకరు రాజకీయవేత్త. సంతాపసభలలో మాత్రము ఇద్దరికిని ఒక్కటే పాఠము. పంచెకట్టుతో సభలో లేచి నిలుచుండి, గొంతు హెచ్చింపకయే ఎదుటి పక్షమును చమత్కారముతో నిలువరించుట, ఆర్థికమంత్రిగా ఏటేట బడ్జెటును చేతిలో పట్టుకొని వచ్చుట, ఇవి గదా రోశయ్యను గూర్చి ఇచ్చటి వృద్ధులు చెప్పుకొనునవి. ఆయన విధానములతో విభేదించినవారును ఆ దృశ్యమును మఱువలేదు. 2022 నవంబరు 15న బుఱ్ఱిపాలెపు కృష్ణ, డిసెంబరు 23న కైకాల సత్యనారాయణ దివంగతులైరి. పిమ్మట 2023 ఆరంభమున తొమ్మిది దినముల వ్యవధిలో ముగ్గురు: జనవరి 27న జమున, ఫిబ్రవరి 2న కాశీనాథుని విశ్వనాథ్, 4న వాణీ జయరాం.

జమునను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన ఆమె కథలో మా సీమ రంగస్థల చరిత్ర కొంత ఇమిడియున్నది. హంపిలో పుట్టి, పసుపు బేరమునకు పేరుపడిన దుగ్గిరాలలో పెరిగి, గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’తో 1953లో తెరకెక్కిన ఈమెను తెలుగువారు అన్ని పాత్రలకంటె సత్యభామగానే హత్తుకొనిరి. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారము’ చిత్రమును నిర్మించినవాడు మా పొరుగూరగు కారంచేటి దగ్గుబాటి రామానాయుడు. అందు జమున అభినయించిన ‘మీరజాలగలడా’ అను పాటకు కంఠము సుశీలది. ఆ పాటను అంతకు ఎన్నియో యేండ్ల క్రిందటనే నాటకమునకై కట్టి, తానే సత్యభామయై పాడినవాడు చీరాల కావలనున్న బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు.

స్థానమువారిని నేను కన్నులార చూచి యెఱుగను. చంద్రమతి వేషధారి రాకపోయిన యొకరాత్రి ఆ వేషము తాను ధరించుటతో ఆరంభమైన ఆయన జీవితము, సత్యభామ, చిత్రాంగి, రోషనార మొదలగు స్త్రీపాత్రలతో ఆంధ్రదేశము నుఱ్ఱూతలూపి, 1956లో పద్మశ్రీని పొంది, 1971 ఫిబ్రవరి 21న ముగిసెను. ఆనాటి రంగస్థలమునకు సినిమా కెమేరా లేదు. అయినను, ఆయన ఒక్క పల్లవినే పలుమారులు త్రిప్పి త్రిప్పి పాడుచు, ఆవృత్తి కొక క్రొత్త భావమును చూపెడివాడని, పురుషుడన్న స్పృహయే ప్రేక్షకునకు కలుగనిచ్చెడివాడు కాడని నేను ఎట్లెఱుగుదును? చూచినవారు వ్రాసి యుంచిరి గనుక. ఆయనయు ‘నటస్థానము’ అను పేర తన అనుభవములను గ్రంథస్థము చేసి పోయెను గనుక. ఆ వ్రాతలే లేకున్నచో, దశాబ్దములపాటు ఊళ్ళకు ఊళ్ళను మేలుకొలిపిన ఆ కళ ఒక పేరు, రెండు ఛాయాచిత్రములుగా మిగిలియుండెడిది.

జమునకు ఆ భయము లేదు, చిత్రము నిలిచియున్నది గదా యందురు. ఈ ధీమాయే మనలను సోమరులను చేయుచున్నదని నా నమ్మకము. చిత్రము ఆమె చేసినదానిని చూపును. అది చూచినవారియందు ఏమి చేసినదో చూపజాలదు. మా మేనత్త టూరింగు టాకీసులో నేలమీద కూర్చుండి ఆ చిత్రమును ఎన్నిమార్లు చూచెనో ఆమెకే తెలియదు. “జమున అలిగితే ముందు మొగం కాదురా చెప్పేది, మడమ చెప్పుద్ది,” అనెడిది. ఆ మాట విన్న పిదప ఆ చిత్రమును మరల చూచితిని. నిజముగనే, కృష్ణుని మాట చెవిని బడిన మఱుక్షణమున ముఖమింకను ప్రసన్నముగా నుండగనే పాదము వెనుకకు తిరుగును, పిదప జడ, ఆ పిదపనే కన్నులు. చదువు రాని ప్రేక్షకురాలొకతె చూచినదానిని నేను ఏ విమర్శకుని వ్యాసమునందును చూడలేదు. మా మేనత్త నేడు లేదు. ఆమెవలె చూచినవారు ఇంకను పల్లెపల్లెన ఉన్నారు; వారిని అడుగువారే లేరు.

దర్శకుడు విశ్వనాథ్ పుట్టినది రేపల్లె వైపున పెదపులివఱ్ఱు, చదివినది గుంటూరు, పనిలో ప్రవేశించినది మద్రాసు వాహినీ స్టూడియో శబ్దగ్రహణ శాఖ. ఈ చివరి విషయమును ఆయనను పొగడువారు అంతగా పట్టించుకొనరు గాని, ఆయన చిత్రములకు తాళపుచెవి అచ్చటనే యున్నదని నాకు తోచును. ఆయన మొదట వినుట నేర్చినవాడు. ‘సిరిసిరిమువ్వ’లో మాటరాని పిల్ల, ‘సిరివెన్నెల’లో చూపులేని వేణువాదకుడు, మూగయగు చిత్రకారిణి — మాటలు మానిన చోట ఏమి వినవచ్చునో ఎఱిగినవాడే ఇట్టి పాత్రలను సాహసించి సృజింపగలడు. చిత్రీకరణ స్థలమున ఆయన ఎల్లప్పుడు ఖాకీ దుస్తులనే ధరించెడివాడు. తానును ఆ పనివారిలో నొకడనని ఆయన భావము. ‘స్వయంకృషి’లో చెప్పులు కుట్టువానికి కథానాయకత్వమిచ్చిన చేతికి ఆ ఖాకీ చొక్కా చక్కగా నప్పినది. సంప్రదాయకళల ఉద్ధారకుడని మాత్రమే ఆయనను కీర్తించుట సగము మాట చెప్పుటయే. చేతిపనికి ఆయన యిచ్చిన మన్నన మిగిలిన సగము, చేనేతయూరివాడను గనుక నాకు ఆ సగమే ప్రీతికరము.

‘శంకరాభరణము’ విడుదలైనది 1980 ఫిబ్రవరి 2. విశ్వనాథ్ పోయినది నలుబదిమూడేండ్ల తరువాత అదే తేది. ఆ చిత్రమునకు గాయనిగా జాతీయ పురస్కారము నందిన వాణీ జయరాం రెండు దినములకే ఆయన వెంట పోయెను. వెల్లూరులో పుట్టిన ఆ తమిళ విదుషికి జీవితకాలమున లభించిన మూడు జాతీయ పురస్కారములలో రెండు, ‘శంకరాభరణము’, ‘స్వాతికిరణము’, విశ్వనాథ్ తెలుగు చిత్రములలోని పాటలకే. పద్మభూషణము ప్రకటించి పది దినములు నిండగనే, దానిని అందుకొనకయే ఆమె వెడలిపోయినది.

కోట శ్రీనివాసరావు విషయమున ఒక ఘోరము జరిగినది. 2023 మార్చిలో ఆయన మరణించెనని అబద్ధపు వార్త పుట్టి, సెల్‌ఫోనులందు సంతాపములు కుప్పలుగా పడగా, ఇంటికి పోలీసులు సైతము రాగా, ఆ వృద్ధుడు తాను బ్రతికియున్నానని తానే దృశ్యరూపమున చెప్పుకొనవలసి వచ్చెను. ఎంత తొందర! ఆయన నిజముగా పోయినది 2025 జూలై 13న. బ్యాంకు ఉద్యోగము చేయుచు నాటకములాడి, 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకు వచ్చి, మా ఒంగోలు సీమనుండి వెళ్ళిన టి. కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాసతో మంత్రి కాశయ్యగా జనమును భయపెట్టిన ఈ నటుని, నేను 1987 నాటి ‘అహ నా పెళ్ళంట’లోని ఒక్క దృశ్యముతో తలచుకొందును. పిసినారి లక్ష్మీపతి కోడిని పైన వ్రేలాడగట్టి, దానిని చూచుచు వట్టి అన్నము తినును. థియేటరంతయు పకపక నవ్వును. ఆయన ముఖమున మాత్రము నవ్వించు ప్రయత్నము మచ్చునకైన లేదు. ముద్దకొక్కసారి తల యెత్తి, కోడికూర తినువాని తృప్తినంతయు కన్నులలో నింపుకొని, మరల విస్తరివైపు వంగును. ఆకలిని ఆశతో నింపుకొను మనిషిని ఆయన ఎగతాళి చేయలేదు, నమ్మినాడు. జంధ్యాల వ్రాసి తీసిన ఆ చిత్రమునకును నిర్మాత కారంచేటి రామానాయుడే.

ఇంతవరకు చెప్పినవారిలో పెక్కురు తెరవలన నిలుచువారు. నా మనస్సు ఇంకొందరికై తపించుచున్నది. బుఱ్ఱకథకు పట్టము కట్టిన పొన్నెకల్లు షేక్ నాజర్ 1997లో పోయినప్పుడు పదిమందికి తెలిసినది. ఆయన వెంట డక్కీ వాయించినవారు, ఆయనను చూచి కథ చెప్పుట నేర్చి గుంటూరు ఒంగోలు సీమలలో మిరప కల్లములకడను, పత్తి చేల గట్లమీదను రాత్రులు తెల్లవార్చినవారు, హరిశ్చంద్రుని కాటిసీను పద్యములకు ‘వన్స్‌మోర్’ అనిపించుకొన్నవారు, వారికి హార్మోనియము పట్టినవారు, ఒక్కొక్కరుగా వెడలిపోవుచున్నారు. జిల్లా పేజీలో నాలుగు పంక్తులు పడిన పడవచ్చును, లేకున్న లేదు. వారి పద్యమునకు రికార్డు లేదు, వారి నడకకు చిత్రము లేదు. స్థానమువారికి తప్పిన ముప్పు వీరికి తప్పలేదు.

మా ఊరికి ఈ విషయమున ఒక భాగ్యము కలదు. 1918లో వి. వి. శ్రేష్ఠిగారు నెలకొల్పగా, 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన భవనమున నేటికిని నిలిచియున్న సారస్వత నికేతనములో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి మొదలగువాని పాత సంచికలు భద్రపఱచియున్నారు; దేశదేశములనుండి పరిశోధకులు వాటికై వేటపాలెము రైలు దిగుదురు. పెళుసెక్కిన ఆ పుటలను అంచు విఱుగకుండ అఱచేతితో ఎత్తి త్రిప్పుచు పాత నటుల, గాయకుల మరణవార్తలను చదువుట నాకు అలవాటు. అందును రెండు తెగల వ్రాతలు కలవు. మొదటి తెగలో విశేషణములే. నేడు చదివినచో పోయినవాడు నటుడో వకీలో తేల్చుకొనుట కష్టము. రెండవ తెగలో, ఏ ఊర ఏ వేషము కట్టెను, గొంతు ఏ స్థాయిలో పలికెను, రాగము నెచ్చట ఆపి మాటలోనికి దిగెను, ప్రక్కనెవ్వరు వాయించిరి, ప్రేక్షకులేమనిరి అని ఎవడో పేరు తెలియని విలేకరి ఓపికతో వ్రాసియుండును. ఆ వ్రాతలు చదివినప్పుడు, నేను పుట్టకముందే గతించినవానికొరకు నాకు నిజముగ దుఃఖము కలుగును. ఆ సంచికలలో వేటపాలెము గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లాకు, అనగా నేటి ప్రకాశమునకు మాఱి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లాలు మాఱినను ఆ విలేకరి విన్న పద్యము మాఱలేదు.

కావున చదువరులకు నా ప్రార్థన ఇది. ఇక ముందు ఇట్టి వార్త వచ్చినప్పుడు, పంపిన పటమునే పదిమందికి పంపి ఊరకొనక, ఆ రాత్రియే ఒక కాగితము తీసికొని, ఆ మనిషి పనిలో మీరు కన్నదానిని, విన్నదానిని, మఱొకరికి చెల్లనిదానిని, నాలుగు వాక్యములుగా వ్రాయుడు. మీ ఇంట డెబ్బది దాటినవారున్నచో, వారు చూచిన నాటకములను, బుఱ్ఱకథలను, మొదటి సినిమాను గూర్చి అడిగి, వారి మాటలను వారి యాసలోనే, ఊరి పేరు, వీలైనచో సంవత్సరము వేసి వ్రాసికొనుడు. వారు పాడి చూపగలిగినచో సెల్‌ఫోనులో పట్టుకొనుడు. వ్రాసినదానిని మీ ఇంటిలో దాచుకొనక, ప్రతి యొకటి మీ ఊరి గ్రంథాలయమునకు ఇయ్యుడు. ఊర గ్రంథాలయము మూతపడియున్నచో మా వేటపాలెమునకు తెండు.